వరుసలో లేని రోలు

దసరా నాడు నిర్మల్‌లోని రామచంద్రం బొమ్మల కార్ఖానాలో పధ్నాలుగు మంది ఉండగా ఒక చేతిగడియారం ఒక్క చేతికే ఎక్కింది. ఆ చేయి దశరథానిది. బొమ్మలకు రంగు వేసి చివరన కన్ను పెట్టే మనిషి అతడు. హైదరాబాదు వాళ్లు అతన్ని ఎక్కువ జీతానికి పిలుస్తున్నారని ముసలి చెక్కుడుపనివాడు రాయమల్లు భాద్రపదంలోనే సేటు రామచంద్రం చెవిన వేశాడు. దశరథం చేయి జారిపోకుండా సేటు తొంభై రూపాయలు పెట్టి గడియారం కొన్నాడు. పండుగ మరునాడు దశరథం పనికి వచ్చాడు. వెనక కొట్టంలో చింతగింజల లప్పం నూరే కమలవ్వ రాలేదు. ఆమె రాలేదన్న మాట ఎవరూ ఎత్తలేదు. అట్లా నలభై రోజులు గడిచాయి.

నలభై రెండో రోజున హైదరాబాదు బస్సు మీదినుంచి రెండు చెక్కపెట్టెలు దిగాయి. కట్టెలు మోసే కొమురెల్లి వాటిని బండి మీద తెచ్చి కార్ఖానా ముందు సాయబాను కప్పు కింద దించాడు. కార్ఖానా నుంచి పెట్టెలు పోవడమే గాని రావడం ఎవరూ ఎరగరు. రాయమల్లు ఉలి పక్కన పెట్టి లేచాడు. ఆకురాయి పట్టే వాళ్లు లేచారు. సుద్ద పూసే గంగుబాయి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

రామచంద్రం మేకులు పీకి గడ్డి తీశాడు. గడ్డిలో అంబారీ ఏనుగులు పడుకొని ఉన్నాయి. ఎర్రటి వీపుగుడ్డ, పచ్చటి పూలు, బంగారు గీతలు, ఒక్క గీత చెదరలేదు. కాని ఏ ఏనుగుకూ తొండం లేదు. పెట్టె అడుగున చేయి పెట్టి తడిమితే తొండాలన్నీ ఒకచోట చేరి ఉన్నాయి.

మీద ఒక కాగితం ఉంది. ఆబిడ్స్ దుకాణం యజమాని రాసింది. రామచంద్రం పైకి చదివాడు.

"పంపిన నలభై ఏనుగులు అందినవి. అందులో ఇరవై రెండింటి తొండాలు వేరుగా అందినవి. వాటిని తిప్పి పంపుతున్నాము. మిగతా నూటయాభై ఏనుగులు జనవరి ఒకటో తేదీకి తొండాలతో సహా చేరని పక్షంలో ఆర్డరు రద్దు చేసుకొనగలవారము."

ఆ ఆర్డరు మీదనే కార్ఖానా ఈ ఏడు నిలిచి ఉంది. బొమ్మలు చెక్కే పొనికి కర్రకు అడవివాళ్లకు డబ్బు కట్టింది దాన్ని చూసే. దుకాణం వద్దంటే పుష్యమాసానికి తలుపులు మూయవలసిందే. ఆ మాట అందరికీ తెలుసు.

అందరి కళ్లూ దశరథం మీదికి పోయాయి. గడియారం వచ్చినప్పటి నుంచి ఏం జరిగినా అతన్ని చూడడం అలవాటైంది.

"గడియారం జూసి చెప్పు దశరథం," అన్నది గంగుబాయి. "ఏ గంటకు ఊడినయో తొండాలు."

ఆకురాయి పట్టేవాళ్లు నవ్వారు. దశరథం నవ్వలేదు. ఒక ఏనుగును తీసి మెడ దగ్గర వేలితో రాసి చూశాడు.

"రంగుల తప్పు లేదు సేటూ. రంగు పగులలే. ఊడింది రంగు కింద."

రామచంద్రం అతని మణికట్టు చూశాడు. బోసిగా ఉంది.

"గడియారమేది?"

"రంగు పడ్తదని తీసిన."

రాయమల్లు ఆ ఏనుగును తన చేతిలోకి తీసుకున్నాడు. అతనికి డెబ్బై దగ్గర పడ్డాయి. ఒళ్లూ, తొండమూ, నాలుగు కాళ్లూ, చెవులూ వేరువేరుగా చెక్కుతారు. లప్పంతో అతికి, లప్పంలో ముంచిన గుడ్డపేలికలు చుట్టి, దాని మీద సుద్ద, సుద్ద మీద రంగు. అతుకు ఎక్కడుందో చెక్కినవాడికి కూడా కనిపించకూడదు. రాయమల్లు తొండం ఊడినచోట గోటితో గీకాడు. పొడిపొడిగా రాలింది. ఆ పొడిని నాలుక మీద వేసుకొని కళ్లు మూసుకున్నాడు. తర్వాత పక్కకు ఉమ్మేశాడు.

"తియ్యగున్నది. గిది కమలవ్వ లప్పం గాదు."

"లప్పం తియ్యగుంటే ఏమాయె?" అన్నాడు రామచంద్రం.

"గింజ నానలే. నానితే పులుపు పట్టాలె." రాయమల్లు కొమురెల్లి వైపు తిరిగాడు. "నూరింది నువ్వేనా?"

"నేనే. ఎవలు లేకపాయె గద, నన్ను నూరుమన్నరు," అన్నాడు కొమురెల్లి. కట్టెలు మోసే మనిషి, భుజాలు ఎత్తు. "గింజలేసిన, నీళ్లు వోసిన, నూరిన, ఉడికిచ్చిన. ఇంకేముంటది దాంట్ల?"

"ఎన్నొద్దులు నానవెట్టినవ్?"

"మాపటికేసి పొద్దుగాల తీసిన."

"చలికాలంల!" రాయమల్లు నెత్తి మీద చేయి పెట్టుకున్నాడు. "ఆమె చలికాలమైతే మూడొద్దులు నానవెట్టేది. రోజుకొకపారి నీళ్లు మార్చేది. మూడోనాడు గింజ వేళ్ల నడుమ వట్టి నలిపి సూస్తది. మనసున వట్టకుంటే నాలుగోనాడు గూడ తియ్యది. లప్పం ఇంక రాలేదని తిట్టేటోన్ని నేనే గద, నాకెరుక."

రామచంద్రం నలుగురి వంక చూశాడు. "కమలవ్వ ఏది?"

"దసరా నుంచి వస్తలేదు సేటూ," అన్నది గంగుబాయి.

"నాకెందుకు చెప్పలే?"

"నువ్వడగలే."

రామచంద్రం ముప్పై రెండేళ్లవాడు. బాపు భూమన్న పోయి ఏడాదిన్నర. బాపు ఉన్నప్పుడు ఏడుగురితో నడిచిన కార్ఖానాను రెండింతలు చేశాడు. హైదరాబాదుకు తానే పోయి ఆర్డర్లు తెచ్చాడు. ఏ ముడి అయినా విప్పగలనని నమ్మకం ఉన్న మనిషి. నలభై రోజుల తర్వాత తెలిసినా, అసలు సంగతి తెలిసినందుకు ఆ ముఖంలో తేలిక కనబడింది.

"గింతనేనా? ఫికర్ జెయ్యకుండ్రి. చారాణా పెంచుత, పొద్దుమూకే వరకు కొట్టంల ఉంటది," అంటూ సైకిలు తీశాడు.

రాయమల్లు గేటు దాకా వచ్చాడు. "సేటూ, ఒక్క పైసలే వట్టుకొని పోకు. బాపు ఉన్నప్పుడు దసరానాడు రోలుకు బొట్టు పెట్టేటోడు. యాదికున్నదా?"

రామచంద్రం సైకిలు ఆపాడు. యాదికి వచ్చింది. ఈ కార్ఖానాలో దసరాకు పనిముట్లను ఒక చాప మీద వరుసగా పెడతారు. పని ఏ క్రమంలో సాగుతుందో ఆ క్రమంలోనే. రంపం, ఉలి, ఆకురాయి, సుద్ద కూచె, రంగు కుంచె. సేటు ఒక్కొక్కదానికి బొట్టు పెట్టి, దానిని పట్టే మనిషి పేరు పలికి, ఆ చేతిలో జమ్మి ఆకు, దాని మీద పండుగకు అదనంగా నెల జీతం పెడతాడు. రోలు భూమిలో పాతి ఉంటుంది కనుక చాప మీదికి రాదు. వరుస అయిపోయాక బాపు కుంకుమ పళ్లెం పట్టుకొని వాకిలి దాటి, వెనక కొట్టం తలుపు పొట్టిది కనుక తల వంచి లోపలికి పోయేవాడు. ఎందుకు పోయేవాడో రామచంద్రం ఎన్నడూ అడగలేదు.

బజారులో కుంకుమ పొట్లం కొని జేబులో వేసుకున్నాడు. చారాణా ఒకటి, కుంకుమ ఒకటి. రెండూ ఉన్నాక ఇంకేం కావాలనుకున్నాడు.

కమలవ్వ ఇంటి ముందు ఎండలో కూర్చొని బీడీలు చుడుతున్నది. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడిగుడ్డలో చుట్టిన ఆకు. యాభై ఏళ్లు దాటిన మనిషి. పదహారేళ్లు చింతగింజల తడిలో మునిగిన వేళ్ల చివరలు చీలి, గోధుమ రంగు పట్టి ఉన్నాయి. సేటును చూసి లేవలేదు. కాలితో పీటను ముందుకు జరిపింది.

"కూసో సేటూ. యాదవ్వా, నీళ్లు తేవే."

కోడలు యాదవ్వ చెంబుతో నీళ్లు తెచ్చి పెట్టి గడపలో నిలబడింది.

"పనికి రాకపోతివి కమలవ్వ," అన్నాడు రామచంద్రం.

"రాకపోతి."

"నలభై దినాలాయె."

"నలభై రెండు. ఇయ్యాల నీకు యాదికొచ్చిన."

"జీతం తక్కువైతే అడగొద్దా? పన్నెండణాలకు చారాణా కలుపుత. రూపాయి."

కమలవ్వ బీడీకి దారం చుట్టి కొన మడిచింది. "గంత బీడీల మీదనే వస్తది. నీడకు నీడ, ఎండకు ఎండ. నా మొకం జూసి బీడీలు తొందర జెయ్యవు."

"రూపాయి పావలా."

"వంకాయల బేరం జేస్తున్నవా?"

రామచంద్రం నీళ్లు తాగాడు. చెంబు దించుతూ అసలు భయం బయటపెట్టాడు. "కొండల్ కార్ఖానాకు పోతున్నవా?"

బస్టాండు దగ్గర కొండల్ కొత్తగా కార్ఖానా పెట్టి ఏడాది కాలేదు.

"వచ్చిండు. గీ పీట మీదనే కూసున్నడు. రెండు రూపాయలన్నడు."

రెండు రూపాయలు. యాదవ్వ గడపలోనుంచి సేటు ముఖం చూస్తున్నది.

"మరెందుకు పోలే?"

"రెండు రూపాయలన్న నోటితోనే ఇంకో మాటన్నడు. నా మనుషులిద్దరికి నేర్పాలె అన్నడు. నేర్పినంక మూడో నెల నాకెందుకిస్తడు సేటూ రెండు రూపాయలు? సదువు రాదు గని, గంత తెల్వకుంట లేను."

రామచంద్రం లోపల ఊపిరి తిరిగింది. ఆమె పోదు. ఇక కుంకుమ చాలుననుకొని పొట్లం తీసి పీట ముందు పెట్టాడు.

"తప్పయింది కమలవ్వ. బాపు రోలుకు బొట్టు పెట్టేటోడు. నేను మర్చిన. రేపు తానం జేసి వచ్చి నా చేతులతోనే పెడుత."

కమలవ్వ చేతులు ఆగాయి. పొట్లం విప్పి చూసింది. ఎర్రటి కుంకుమ. చాలాసేపు దాని వంకే చూసింది. ముడి విడిందని రామచంద్రం అనుకుంటుండగానే ఆమె నవ్వింది. కోపం నవ్వు కాదు. పిల్లల మాటకు నవ్వినట్టు నవ్వింది.

"బొట్టు పెట్టి ఏం జేసేటోడో గది యాదికి లేదా?"

"ఏం జేసేటోడు?"

"బొట్టు రాయికి వెట్టేటోడు. రాయి పక్కకు నేనుంటి గద. జమ్మి ఆకు మీద ఇరవై రూపాయలు వెట్టి నా చేతులేసేటోడు. రాయమల్లుకు ఎట్ల ఇచ్చేటోడో గట్లనే, నెల జీతం. రోలు వరుసలకు రాదు కమలవ్వ, నేనే రోలు కాడికొస్త అనేటోడు."

"నాతోని చెప్పలే," అన్నాడు రామచంద్రం.

"కొట్టంల ఇచ్చేటోడు గద, నీకెట్ల తెలుస్తది? నువ్వు చాప మీద సూసి పంచినవు. చాప మీద నేను లేను." ఆమె ఇంకొక ఆకు తీసి కత్తిరించింది. "నిరుడు రాలే. బాపు పోయిన దుఃఖంల ఉన్నవనుకున్న. ఈ యేడు రోలు కడిగిన. చుట్టు నీళ్లు జల్లి ముగ్గేసిన. మంచి చీర గట్టుకొని కూసున్న. ముంగట చప్పట్లు ఇనవడ్డయి. గంగుబాయి ఉరికొచ్చి, దశరథానికి గడియారమిచ్చిండ్రని చెప్పింది. మంచిదే అనుకున్న. ఇగ నా తానికి వస్తడని కూసున్న. పొద్దు గుంకిందాంక కూసున్న సేటూ. మల్ల తలుపు దగ్గరికేసి వచ్చిన."

వీధిలో ఒక మేక అరిచింది. రామచంద్రం పీట మీద కదిలాడు. మళ్లీ ఎత్తిన చెంబు ఖాళీ అయి చాలాసేపయిందని అప్పుడు చూసుకున్నాడు.

"నీకు గూడ ఇస్త కమలవ్వ. పట్టుచీర. అందరి ముంగట—"

"వద్దు!" ఆమె కత్తెర పక్కన పెట్టింది. "ఒక్కనికి లేచి ఇస్తే ఏమైతదో దశరథాన్ని అడుగు. మునుపు పొద్దుమూకంగ నా కొట్టంల చాయ తాగి, రాయమల్లు ఇచ్చిన తంబాకు నములుకుంట ఇంటికి పోయేటోడు. ఇప్పుడు టైమెంతాయె అని అడుగుడే తప్ప, ఇంటికి పోదాం రా అనేటోడు లేడట. గంగుబాయి చెప్తది. నాకు పట్టుచీర గడితే గంగుబాయి గూడ చెప్పదు."

"మరేం గావాలె నీకు? నువ్వే చెప్పు."

"బొమ్మ లెక్కన, నగానికింత కట్టు. చెక్కెటోనికి నగానికింత, రంగేసెటోనికి నగానికింత ఇస్తవు. నా లప్పం లేని నగం ఒక్కటి సూపెట్టు, నా నోరు మూసుకుంట."

"లప్పానికి నగం లెక్క ఎట్ల కడుతరు కమలవ్వ?"

"తొండాలు ఊడినయి గద. ఇరవై రెండని మంచిగనే లెక్క వెట్టిండ్రట, నీకంటె ముంగటనే బజారు మాట ఈడికొచ్చింది."

రామచంద్రానికి నవ్వు ఆగలేదు. ఇంతసేపటికి మొదటిసారి ఇద్దరూ కలిసి నవ్వారు. బేరం అంటే అతనికి ప్రాణం లేచి వస్తుంది.

"అణా ఇస్త నగానికి."

"అణాన్నర. ఇంకోమాట. నా అతుకు ఊడి వాపస్ వచ్చిన నగానికి నాకు పైస వద్దు. మల్ల అతికినందుకు గూడ వద్దు. గీ మాట నీ చెక్కెటోళ్లు చెప్తరా, రంగేసెటోళ్లు చెప్తరా, అడుగు."

రామచంద్రం మనసులో లెక్క వేశాడు. దినానికి ఇరవై నగాలు తయారవుతాయి. రెండు రూపాయలకు రెండణాలు తక్కువ. ఇంచుమించు కొండల్ చెప్పినంతే. కాని కొండల్ రూపాయలు వేళ్లకిచ్చేవి. ఇవి ఊడని అతుకుకిచ్చేవి. ఆ లెక్క తనకు నచ్చింది.

"దసరాది?"

"దసరాకు అందరితోని నాకు. కొట్టంల కాదు, చాప మీద. ఇగ గీ యాదవ్వ నా ఎంబడి వస్తది. కూలి కట్టియ్యి. నానిన గింజ వట్టి సూసుడు నేర్పుత. నా చేతులు పడిపోయినంక గూడ నీ ఏనుగులకు తొండాలుండాలె గద."

గడపలో యాదవ్వ తలుపు చెక్కను పట్టుకొని నిటారుగా నిలబడింది.

"ఒప్పుకున్న," అన్నాడు రామచంద్రం. "రేపు పొద్దుగాల రా."

"ఈడ ఒప్పుకుంటే ఏం లాభం? ఈడ నువ్వు, నేను, గీ తంబాకు. వరుసల ఒప్పుకో."

"దసరా అయిపాయె కమలవ్వ."

"వరుస వెట్టనీకి పండుగ గావాల్నా? తొండాలు ముహూర్తం సూసి ఊడినయా?"

"రోలు వరుసలకు ఎట్ల వస్తది? పాతి ఉన్నది గద."

"పాతింది మనుషులే. తవ్వేది మనుషులే."

మరునాడు పొద్దెక్కేసరికి సాయబానులో చాప పరిచి ఉంది. పండుగ కానినాడు చాప పరవడం ఎవరూ చూడలేదు గనుక, ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఏమిటని అడగకుండా తమ పనిముట్టు కడిగి తెచ్చి పెట్టారు. వెనక కొట్టంలో నలుగురు గడ్డపారలు వేశారు. మీద జానెడు ఎత్తే కనబడే రోలు, తవ్వుతుంటే దిగుతూనే ఉంది. మోకాలి లోతు దాటింది. మీది భాగం చేతుల రాపిడికి నల్లగా, నున్నగా ఉంది. కింది భాగం ఇప్పుడే కొండనుంచి తెచ్చినట్టు తెల్లగా, గరుకుగా ఉంది.

"గింత రాయి ఉన్నదా కింద?" అన్నాడు కొమురెల్లి చెమట తుడుచుకుంటూ.

"మీద మీద సూసి నూరవడితివి," అన్నది కమలవ్వ. ఆమె అప్పుడే కోడలితో వచ్చింది.

పొనికి దుంగల మీద దొర్లించుకుంటూ రోలును వాకిలి దాటించారు. పొనికి మెత్తని కర్ర. రోలు పోయిన దారిలో ప్రతి దుంగకూ గుంట పడింది. చాప దగ్గరికి వచ్చాక ఎక్కడ పెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఒకరు కొస చూపారు. ఒకరు మొదలు చూపారు. కమలవ్వ ఆకురాయికీ సుద్ద కూచెకూ నడుమ చూపించింది.

"చెక్కుడు అయినంక, సుద్ద కంటె ముంగట. నా పని గాడనే ఉంటది."

అక్కడ సందు లేదు. గంగుబాయి తన కూచె తీసి జరిగింది. ఆమె జరిగితే దశరథం జరగవలసి వచ్చింది. రోలు దిగింది.

రామచంద్రం తానం చేసి, తెల్లటి ధోవతి కట్టుకొని కుంకుమ పళ్లెంతో వచ్చాడు. రంపానికి బొట్టు పెట్టి పేరు పలికాడు. ఉలికి పెట్టాడు. "రాయమల్లు." ఆకురాళ్లకు పెట్టాడు. రోలు ముందు వంగాడు. చాప మీద తొడ ఎత్తున నిలిచిన రాయి, వంగితే ముఖానికి దగ్గరగా వచ్చింది. బాపు కొట్టం తలుపు దగ్గర తల వంచిన తీరు అతనికి గుర్తొచ్చింది. బొట్టు పెద్దగానే పెట్టాడు.

"కమలవ్వ," అన్నాడు. ఆ పేరు ఆ సాయబానులో అట్లా పలకడం అదే మొదలు. "నగానికి అణాన్నర. దసరాకు అందరితోని. ఊడిన నగానికి తానే జిమ్మ, పైస లేకుంట మల్ల అతుకుతది. యాదవ్వ ఆమె దగ్గర పని నేర్చుకుంటది, కూలి మీద."

జమ్మి ఆకు ఆమె చేతిలో పెట్టి, దాని మీద ఈ దసరాకు ఇవ్వనిది పెట్టాడు. ఆమె రెండు చేతులా అందుకొని కళ్లకద్దుకున్నది. లెక్క చూసుకోలేదు. కొంగున కట్టుకున్నది.

"మరి నా సుద్దకు?" అన్నది గంగుబాయి.

"నీది రేపు మాట్లాడుదాం."

"రేపు చాప ఎత్తుతరు గద సేటూ."

సాయబాను అంతా ఘొల్లుమన్నది. రామచంద్రం కూడా నవ్వి, "చాప ఎత్తను, పో," అన్నాడు. అతనికి ఒళ్లు తేలికగా ఉంది. మూడొద్దులు గింజ నానుతుంది. నాలుగోనాడు లప్పం. వచ్చే వారం నుంచి ఏనుగులు వరుసగా లేస్తాయి. ఇక మిగిలింది రంగు, కన్ను. కన్ను సంగతి అతడు ఆలోచించనే లేదు. దానికి గడియారం కట్టి ఉంచాడు కదా.

సుద్ద కూచెకు బొట్టు పెట్టి వరుస చివరికి వచ్చాడు. వేలు కుంకుమలో ముంచి వంగి, ఆగిపోయాడు.

కుంచె ఉండవలసిన చోట గడియారం ఉంది. రంగు గుడ్డ పరిచి, దాని మీద పెట్టి ఉంది. ముల్లు నడుస్తున్న చప్పుడు వినబడుతున్నది.

"కుంచె ఏది దశరథం?"

"సంచిల ఉన్నది సేటూ."

"తీస్కరా."

"ఊరికి పోనీకి కట్టిన సంచి. ఇప్పను."

నవ్వులు ఎక్కడివక్కడ ఆగాయి. కమలవ్వ తలెత్తింది.

"ఏ ఊరికి?" అని అడిగాడు సేటు.

"హైదరాబాదు. ఐతారం బస్సుకు."

"గడియారమిచ్చిన గద!" అన్నాడు రామచంద్రం. అన్నాక ఆ మాట తనకే బాగా అనిపించలేదు.

"ఇచ్చినవు. కోపం లేదు సేటూ. నా చేతికిగూడ ఒక ఇనాం వస్తదని నేనెన్నడు అనుకోలే." దశరథం ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఒక్కొక్క మాటా రంగు కలిపినట్టు చూసి చూసి వేస్తున్నాడు. "నువ్వు గడియారం కట్టుకుంట అందరి ముంగట ఏమన్నవు? హైదరాబాదోళ్లు ఎంత పిలిచినా మా దశరథం పోడు అన్నవు. అప్పటికి నన్నెవలు పిలువలే సేటూ. దేవుని తోడు, ఒక్కడు పిలువలే. నీ మాట ఇన్నోళ్లు బజాట్ల చెప్పిండ్రు. అది బస్సెక్కి హైదరాబాదు దాంక పోయింది. గంత మంచి పనోడున్నడా అని వాళ్లు పోయిన నెల నిజంగనే జాబు రాసిండ్రు. ఈడ నాతోని చాయ తాగేటోడు లేకపాయె. పోతనని రాసిన."

లోపల గదిలో, చెక్కడం పూర్తయిన ఏనుగులు బారుగా నిలబడి ఉన్నాయి. ఒక్కదానికీ కన్ను లేదు. నిర్మల్‌లో అట్లాంటి కన్ను పెట్టే చేయి ఇంకొకటి లేదు.

"ఒక్కటే అడుగుత," అన్నాడు దశరథం. "నేను పోతనన్న మాట, నేను అనకముందు, నీకెవలు చెప్పిండ్రు?"

భాద్రపదంలో, వాన వెలిసిన పొద్దు, గేటు దగ్గర తన చెవిలో పడిన ముసలి గొంతు రామచంద్రానికి స్పష్టంగా వినబడింది. కళ్లు తమంతట తాము వరుస వెంట వెనక్కి పోయాయి. కూచె దాటి, రోలు దాటి, ఆకురాళ్లు దాటి.

చాప మొదట్లో రాయమల్లు తన ఉలిని వేళ్లతో మెల్లగా వెనక్కి లాక్కుంటున్నాడు. ఆరని బొట్టు చాప పొడుగునా ఎర్రగా గీసుకుంటూ వస్తున్నది.